సొరుగులో రెండు ఫారాలు

ఆ బడిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. చిన్న తరగతుల పిల్లలు మొదట్లో "ల్యాబ్ అత్తా" అనేవాళ్ళు. పరుగెత్తుకుంటూ పిలిచే పిలుపు కదా, నలిగి నలిగి "ల్యాబత్తా" అయింది. తర్వాత టీచర్లూ అదే పట్టుకున్నారు. చివరికి ఇంట్లో మొగుడు కూడా సరదా పుట్టినప్పుడు, "ఏం ల్యాబత్తగారూ, కాస్త టీ దొరుకుతుందా?" అనేవాడు.

పదిహేనేళ్ళుగా ఆమె పని ఒకటే. సైన్సు గది తాళం తియ్యడం, బల్లలు తుడవడం, ఏ తరగతికి ఏ ప్రయోగమో చూసి సామాను పరచడం, అయ్యాక కడిగి ఆరబెట్టి బీరువాలో సర్దడం. బ్యూరెట్టు కొళాయి బిగుసుకుపోతే ఎంత గ్రీజు రాయాలో, సూక్ష్మదర్శిని కటకం మీద వేలిముద్రలు ఏ కాగితంతో తుడవాలో ఆమెకు ఎవరూ నేర్పలేదు. చేస్తూ చేస్తూ వచ్చేసింది. అయినా బడి కాగితాల్లో ఆమె శుభ్రపరిచే సిబ్బందిలో ఒకతె. ప్రయోగశాల సహాయకురాలు అనే ఉద్యోగం దానికి ఒక మెట్టు పైన ఉంది. కాకపోతే ఆ మెట్టెక్కాలంటే బడి ఆఖరి పరీక్షలో సైన్సు పాసై ఉండాలి.

ఆమె తప్పిందే అది. పదహారో ఏట మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కి, సైన్సు ఒక్కటి ఎనిమిది మార్కుల తేడాలో పోయింది. మళ్ళీ కడదాం, వచ్చే ఏడాది కడదాం అనుకుంటుండగానే పెళ్ళయింది, మామగారు మంచాన పడ్డారు, ఆయన పోయారు, కాపురం ఎటు లాగితే అటు నడిచింది. నలభై దాటాక ఆ ఊసు ఎత్తాలంటేనే సిగ్గుగా ఉండేది.

ఆ సిగ్గు పోగొట్టింది సైన్సు మాస్టారు.

మాస్టారు గొంతు విప్పితే వెనకబెంచీ వాడు కూడా కిటికీలోంచి చూపు తిప్పుకునేవాడు. చుట్టుపక్కల బళ్ళ టీచర్లు ఆయన పాఠం వినడానికి వచ్చి గోడవారన నిలబడేవాళ్ళు. అలాంటి మనిషి చేతిలోంచి, ఆరేళ్ళ కిందట ఒక రోజు, పాఠం మధ్యలో పరీక్షనాళిక జారి బల్ల మీద పడి పగిలింది. తరగతంతా ఒక్కసారి గుసగుసలాడింది. ల్యాబత్త పక్కనే ఉంది. ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ, కనబడని దారమేదో పేనుతున్నట్టు కదలడం చూసింది. ఆయన ముఖంలో రక్తం లేకపోవడం కూడా చూసింది.

"అయ్యో, నా మోచెయ్యి తగిలింది మాస్టారూ," అంది, అందరికీ వినబడేలా.

ఆ రోజు నుంచి పాఠం ఆయన నోటితో, ప్రయోగం ఆమె చేత్తో. "ఇప్పుడు మన ల్యాబత్త చుక్క చుక్కగా వదులుతుంది, మీరు రంగు మీద కన్నెయ్యండి," అనేవారు, అదేదో ముందే ఆలోచించి పెట్టుకున్న పద్ధతి అన్నట్టు. నల్లబల్ల మీద బొమ్మ గీయాలన్నా ఎవరో ఒక పిల్లను లేపి గీయించేవారు. ఆ వణుకు గురించి వాళ్ళిద్దరూ ఏనాడూ ఒక్క మాట అనుకోలేదు. ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

అలా మూడేళ్ళు గడిచాక ఒక మధ్యాహ్నం ఆమె కుప్పెలు కడుగుతుంటే ఆయన అడిగారు.

"ఇవాళ ప్రయోగంలో ఆ గులాబీ రంగు ఎందుకొచ్చిందో తెలుసా నీకు?"

"ఆమ్లం అయిపోయింది కదండీ. ఇక పడ్డ క్షారం పడ్డట్టే మిగులుతుంది."

మాస్టారు కళ్ళజోడు తీసి ఆమెను చూశారు. "ఇంత తెలిసినదానివి పరీక్షెలా తప్పావమ్మా?"

"అప్పుడు ఎవరూ చూపించలేదండీ. చదవమన్నారు, చదివాను."

ఆయన పెద్దగా నవ్వారు. "సరే, ఈసారి చూసి చదువు. ప్రైవేటుగా కట్టు. చెప్పే పూచీ నాది."

ఆ సాయంత్రమంతా ఆమె ఆ మాటనే తలుచుకుంది. ఇంట్లో చెప్పినప్పుడు ముందు గదిలో కుట్టుమిషను ఆగింది. మొగుడు దర్జీ. నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉన్నాడు, అందుకని మాట్లాడలేక రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొట్టాడు. అత్తగారు మాత్రం, "ఈ వయసులో నీకిదేం పోయేకాలమే?" అంది. అని, మర్నాడు పొద్దున్నే ఆవిడే సైన్సు పుస్తకం తెచ్చి వంటగది గట్టు మీద పెట్టింది.

అత్తగారికి అక్షరం ముక్క రాదు. అయినా కోడలు కూరగాయలు తరుగుతూ పాఠం అప్పజెబుతుంటే ఆవిడ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. కోడలి గొంతు ఎక్కడైనా తడబడితే, "అక్కడ తప్పు. మళ్ళీ చెప్పు," అనేది. తొంభై పాళ్ళు ఆవిడ మాటే నిజమయ్యేది.

"ఇందులో అర్థం కానిదేముందే? సోడియం ఇంట్లో ఒకటి ఎక్కువ, క్లోరిన్ ఇంట్లో ఒకటి తక్కువ. సంబంధం కుదిరిపోయింది."

"అంత సులువైతే అప్పుడెందుకు తప్పానత్తయ్యా?"

"అప్పుడు నీకు అత్త లేదుగా!"

బడిలో మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ల్యాబత్త డబ్బా తెచ్చుకుని కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చునేది. మాస్టారు ఎదురుగా కూర్చుని చెప్పేవారు. పుస్తకం తెరిచేవారు కాదు. ఆకు పలుచటి పొర తీసి గాజుపలక మీద పెట్టించి, "చూడు, ఆ చిన్న నోళ్ళు. చెట్టు ఊపిరి పీల్చేది వాటితోనే," అనేవారు. ఆమె సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టి, అన్నేళ్ళు తుడిచిన గాజు అవతల ఏముందో మొదటిసారి చూసింది. డబ్బాలో తిండి చల్లారిపోయింది.

బయటివాళ్ళు పరీక్ష రాయాలంటే ఒక పద్ధతి ఉంది. పది ప్రయోగాలు తమ దగ్గర చేశారని ఏదైనా బడి సైన్సు టీచరు సంతకం పెట్టాలి. హెడ్ మేడమ్ ముద్ర వెయ్యాలి. ఆ ఫారం పరీక్షల ఆఫీసుకు వెళ్ళాలి. మొదటి ఏడాది ఆమె ఫొటో అంటించి, ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి, ఫారం మాస్టారి చేతికిచ్చింది. "మిగతాది నేను చూసుకుంటా," అన్నారాయన.

నెల తర్వాత ఒక గురువారం, ఆయన కిటికీ వైపు చూస్తూ చెప్పారు. "తిప్పి పంపేశారమ్మా. ఏ బళ్ళో పనిచేస్తున్నారో ఆ బళ్ళోనే ప్రయోగాలు చెయ్యకూడదని రూలట. వచ్చే ఏడాదికి సడలిస్తారంటున్నారు."

ఆమె సామాను గదిలోకి వెళ్ళి, చీపుళ్ళ మధ్య నిలబడి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చింది. ఆయన ఒక కొత్త నోటుబుక్కు ఆమె ముందుకు జరిపారు. "ఏడాది పోయిందనుకోకు. ఏడాది మిగిలిందనుకో. భౌతికశాస్త్రం నీకు ఇంకా పచ్చిగానే ఉంది."

ఆ ఏడాది ఆయన ఇంకా బాగా చెప్పారు. దాన్ని మాత్రం ఆమె తర్వాతెప్పుడూ కాదనలేకపోయింది. కటకాలు, అద్దాలు, వేగం, బలం అన్నీ ఆమె చేతుల్లో పెట్టి చూపించారు. మళ్ళీ ఫారాలు వచ్చాయి. మళ్ళీ నింపింది, మళ్ళీ ఆయన చేతికే ఇచ్చింది. "పంపేశానమ్మా. ఈసారి ఢోకా లేదు," అన్నారు.

మొగుడి దగ్గరికి కోటు వదులు చేయించుకోవడానికి ఒక బస్సు కండక్టరమ్మ వచ్చింది. ఆవిడా ప్రైవేటుగానే కడుతోంది. కొలతలిస్తూ ఆ మాటా ఈ మాటా మాట్లాడుతూ, "ఫారం చేరిందని నాకు పోయిన వారమే కార్డొచ్చింది. నీకు రాలేదా?" అంది.

"రాలేదు."

"ఆఫీసుకెళ్ళి కనుక్కో. ఆలస్యంగా ఇచ్చేవాళ్ళకి కూడా ఈ శుక్రవారంతో ఆఖరు."

మంగళవారం ఒక పూట సెలవు పెట్టి ల్యాబత్త పరీక్షల ఆఫీసుకు వెళ్ళింది. మాస్టారికి చెప్పలేదు. ఆయన్ని నమ్మకపోవడం కాదు, పాపం ఆయనకెందుకు శ్రమ అనుకుంది. కిటికీ అవతల గుమాస్తా కళ్ళజోడు తాడుతో మెళ్ళో వేలాడేసుకుని ఉన్నాడు. రిజిస్టరు పై నుంచి కిందకి, కింద నుంచి పైకి వెతికాడు.

"మీ బడి నుంచి ఈ ఏడాది ఒక్క ఫారం కూడా రాలేదమ్మా."

"పోస్టులో పోయిందేమోనండీ. పోయినేడాది వచ్చింది, మీరే తిప్పి పంపారు. అదే బళ్ళో పనిచేసేవాళ్ళు అక్కడ ప్రయోగాలు చెయ్యకూడదని రూలట కదా."

"ఎవరన్నారు?"

గుమాస్తా లేచి పాత రిజిస్టరు తెచ్చాడు. అందులోనూ వెతికాడు.

"చూడమ్మా, పద్దెనిమిదేళ్ళ నుంచి ఈ కుర్చీలో ఉన్నాను. అలాంటి రూలు నేను వినలేదు. మా దగ్గరికొచ్చిన ప్రతి ఫారానికీ నల్ల సిరాతో నంబరేస్తాం. తిప్పి పంపితే ఎర్ర సిరాతో రాస్తాం. నీ పేరు మీద నల్ల సిరా లేదు, ఎర్ర సిరా లేదు." తర్వాత ఆమె ముఖం చూసి, అడక్కుండానే ఒక కొత్త ఫారం కిటికీలోంచి ఇచ్చాడు. "శుక్రవారం సాయంత్రం ఐదింటిదాకా తీసుకుంటా."

తిరుగు బస్సులో ఆమె దారి పొడుగునా ఆయన తరఫున వాదిస్తూనే ఉంది. ఎవరికో ఇచ్చి పంపి ఉంటారు, వాళ్ళు పారేసి ఉంటారు. ఆ రూలు ఎవరో ఆయనకి తప్పు చెప్పి ఉంటారు. పెద్దాయన, మరిచిపోయి చెప్పడానికి మొహమాటపడి ఉంటారు. బడి గేటు దగ్గర బస్సు దిగేటప్పటికి వాదనలన్నీ అయిపోయాయి. కాళ్ళు మాత్రం సైన్సు గది వైపు నడిచాయి.

ఆఖరి పీరియడు అయిపోయింది. మాస్టారు నోటుబుక్కులు ముందేసుకుని కూర్చున్నారు.

"నా ఫారం ఎక్కడుంది మాస్టారూ?"

"పంపాను కదమ్మా."

"నేను ఆఫీసుకెళ్ళొస్తున్నా."

ఆయన చేతిలో పెన్ను బల్ల మీద పెట్టారు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీసి, ఎడమచేత్తో సొరుగు తెరిచారు. రోజూ ఆమె తుడిచే బల్లే, ఆ సొరుగు ముందుభాగం రోజూ తుడిచిందే. లోపల రెండు ఫారాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. కాస్త కూడా నలగలేదు. రెండింటి మీదా ఆమె ఫొటో. పోయినేడాది దాంట్లో నవ్వు రాకుండా పెదాలు బిగబట్టుకుంది. ఈ ఏడాది దాంట్లో నవ్వేసింది.

"చించబుద్ధి కాలేదమ్మా," అన్నారాయన.

"ఎందుకు చేశారు?"

"నువ్వు పాసైతే పై ఉద్యోగం ఇస్తారు. పై ఉద్యోగం వచ్చినవాళ్ళని ఉన్న బళ్ళో ఉంచరు, ఇంకో చోట వేస్తారు. నా పక్కన ఎవరుంటారు? ఇన్నేళ్ళ పేరు... పిల్లల ముందు గ్లాసు ఎత్తలేని మాస్టారినైపోతాను." కుడిచెయ్యి బల్ల కిందకి లాక్కున్నారు. "ఇంకా మూడేళ్ళే నా సర్వీసు. ఆ తర్వాత నేనే దగ్గరుండి కట్టిద్దామనుకున్నా. ఒట్టు."

"నన్ను అడిగుంటే ఆగేదాన్ని కదా మాస్టారూ."

అన్న తర్వాతే ఆ మాట నిజమని ఆమెకు తెలిసింది. నా చెయ్యి ఇలా ఉందమ్మా, నేను వెళ్ళేదాకా ఉండు అని ఒక్క మాట అడిగి ఉంటే, ఆమె మారు మాట్లాడకుండా ఉండిపోయేది. ఆ సంగతి ఆయనకు తెలుసు. అడిగితే ఇచ్చేదాన్ని అడగకుండా తీసుకున్నారు. అది తలుచుకుంటే ఒళ్ళు మండింది.

"మరి చదువెందుకు చెప్పారు? వద్దంటే పోయేది కదా?"

ఆయన నెమ్మదిగా అన్నారు. "చెప్పకుండా ఉండలేకపోయాను. నీకు చెప్తుంటే బాగుండేది."

ఆమె కొత్త ఫారం ఆయన ముందు పెట్టింది. "సంతకం పెట్టండి. శుక్రవారం ఆఖరట."

"రేప్పొద్దున పెడతా. ఇప్పుడు చెయ్యి నా మాట వినడం లేదు. రేపు తప్పకుండా."

ఆమె నమ్మింది. అంతా తెలిశాక కూడా, ఆయన 'రేపు' అంటే రేపేననుకుని ఫారం అక్కడే వదిలేసి ఇంటికెళ్ళింది.

బుధవారం మాస్టారు రాలేదు. మూడు రోజులు సెలవు పెట్టారని బడి ఆఫీసులో చెప్పారు. ఫోను మోగి మోగి ఆగిపోయింది. ఫారం బల్ల మీద ఆమె పెట్టినచోటే పెట్టినట్టు ఉంది, సంతకం చోటు ఖాళీగా. మొదటిసారి మోసపోయినప్పుడు కోపం ఆయన మీదికి పోయింది. ఈసారి తన మీదికే తిరిగింది. ఎంత బుద్ధిలేనిదాన్ని, ఎంత వెర్రిమొహాన్ని అని తనని తాను తిట్టుకుంటూ మధ్యాహ్నం దాకా కడిగిన నాళికలే కడిగింది.

ఇంటికెళ్ళి చెప్పగానే మొగుడు మిషను దిగాడు. "ఆ మాస్టారి ప్యాంటు నా దగ్గరే ఉంది. ఒక కాలు పొట్టి చేసేస్తా!"

ఆమె ఏడుస్తూనే పకాలున నవ్వింది. నవ్వు ఆగాక అత్తగారు అంది, "ఏడుపూ అయింది, నవ్వూ అయింది. రేపు పొద్దున్నే ఆ పెద్ద మేడమ్ దగ్గరికెళ్ళు. తప్పు చేసింది నువ్వు కాదు, తలొంచుకోకు."

హెడ్ మేడమ్ ఒకప్పుడు జీవశాస్త్రం చెప్పేవారు. గురువారం పొద్దున ల్యాబత్త చెప్పిందంతా ఆవిడ మధ్యలో ఆపకుండా విన్నారు.

"రెండేళ్ళు ఫారం సొరుగులో పెట్టుకున్నారా? ఎందుకు?"

"ఆయన్నే అడగండి మేడమ్."

"నేను సంతకం పెట్టొచ్చు. సైన్సు టీచరుగా నా అర్హత ఇంకా ఉంది. కానీ చూడకుండా పెట్టను. ఆ పది ప్రయోగాల్లో ఏ ఐదైనా ఇవాళ నా ముందు చెయ్యి."

మధ్యాహ్నం ఒంటిగంటకు సైన్సు గది తలుపు మూశారు. హెడ్ మేడమ్ ఎత్తు పీట మీద కూర్చున్నారు. ల్యాబత్త మొదట సున్నపు తేట పాలలా మారేదాకా కార్బన్ డయాక్సైడు పట్టి చూపించింది. కుంభాకార కటకం పట్టుకుని కిటికీ బొమ్మను తెల్ల అట్ట మీద నిలబెట్టి నాభ్యంతరం కొలిచింది. విద్యుత్ వలయం కలిపి, అంకెలు రాసుకుని గ్రాఫు గీసింది. ఆకు పొర తీసి పలక మీద పరిచింది. హెడ్ మేడమ్ సూక్ష్మదర్శినిలోకి వంగి, "ఎంత బాగా తీశావు పొర!" అన్నారు, పిల్లలతో అన్నట్టు. ఆఖరున బ్యూరెట్టు. ఆమె చుక్కలు వదులుతోంది.

"ఒకటడగనా?" అన్నారు హెడ్ మేడమ్. "మాస్టారి క్లాసులో ఎప్పుడు చూసినా ఇది నువ్వే చేస్తుంటావు. ఆయనెందుకు చెయ్యరు?"

ఒక్క మాట చాలు. ఇన్నాళ్ళూ దాచిందంతా బయటపడుతుంది. నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన తన ఫారాలు దాచినట్టే తనూ ఆయన వణుకు దాచింది. ఒకటి బయటపడ్డాక రెండోదెందుకు దాగాలి?

"సామాను అలవాటున్నదాన్ని కదా మేడమ్, అందుకని," అంది. ద్రావణం గులాబీ రంగుకు తిరిగింది. కొళాయి కట్టేసింది. ఆయన చేసింది చెప్పడానికి ఆమెకు హక్కుంది. ఆయన జబ్బు చెప్పడానికి లేదు అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే మళ్ళీ ఒళ్ళు మండింది.

శుక్రవారం మూడింటికల్లా హెడ్ మేడమ్ సంతకమూ ముద్రా పడ్డ ఫారం గుమాస్తా చేతిలో ఉంది. ఆమె కదలకుండా నిలబడి నల్ల సిరాతో నంబరు పడేదాకా చూసింది.

సోమవారం మాస్టారు సెలవు ముగించుకుని వచ్చారు. హెడ్ మేడమ్ ఆయన్ని తన గదిలోకి పిలిచారు. ఆ వారం చివర మేడమే ల్యాబత్తతో అన్నారు. "చేతి సంగతి ఆయనే చెప్పారు. ముందే చెప్పుంటే పోయేదేముంది? ప్రయోగాల క్లాసులు మన బళ్ళో కొత్తగా చేరిన టీచరుకిచ్చాను, పాఠాలు ఆయనకే ఉంచాను. టైంటేబుల్లో నాలుగు గళ్ళు మార్చానంతే. పది నిమిషాలు పట్టలేదు."

మేడమ్ ఆమెను ఊరడించడానికే ఆ మాట అన్నారు. కానీ ల్యాబత్తకు తల కొట్టేసినట్టయింది. రెండేళ్ళు. పది నిమిషాల పనికి.

పరీక్షకు మూడు నెలలుంది. ఆ మూడు నెలలూ ల్యాబత్తా మాస్టారూ ఒకే గదిలో తిరిగారు. పిలిస్తే పలికింది, అడిగిన సామాను అందించింది. మధ్యాహ్నం డబ్బా మాత్రం బయట మెట్ల మీద తినేది. ఆయన ముఖ్యమైన ప్రశ్నలని కాగితాల మీద రాసి ఆమె బల్ల మీద పెట్టేవారు. వంకర అక్షరాలు, గీతలు దాటిపోతూ. ఆమె వాటిని చదవకుండా మడిచి చెత్తబుట్టలో వేసేది. విద్యుత్తు పాఠం సగంలో ఆగిపోయింది. మిగతా సగం బస్సులో, వంటింట్లో, మొగుడి మిషను చప్పుడులో తొమ్మిదిసార్లు చదివింది. ఎదురుగా కూర్చుని "అదెలాగో చెప్పు చూద్దాం" అనే మనిషి లేని చదువు ఎంత ఎండిపోయి ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది. అత్తగారు మాత్రం పుస్తకం వదల్లేదు. "ఈ ఓము ఎవడో గానీ నిన్ను ఏడిపిస్తున్నాడే," అనేది.

పరీక్ష హాల్లో పిల్లలు ఆమెను పర్యవేక్షకురాలనుకుని లేచి నిలబడ్డారు. "కూర్చోండమ్మా, నేనూ మీ బాపతే," అంది. విద్యుత్తు నుంచి పెద్ద లెక్క వచ్చింది. సగం దాకా చేసి వదిలేసింది. మిగతావన్నీ రాసింది.

పరీక్షలైన ఆదివారం మాస్టారు ఇంటికొచ్చారు. మొగుడు మిషను దగ్గర నుంచి లేవలేదు. పొట్టి చెయ్యకుండా కుట్టిన ప్యాంటు పొట్లం కట్టి బల్ల చివర పెట్టాడు. అత్తగారే కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు. ఆవిడతోనే అన్నారు.

"ముప్పై ఏళ్ళలో మీ కోడలంత మంచి విద్యార్థి నాకు దొరకలేదండీ."

"మరి ఆ ముక్క ఫారం మీద రాయాల్సింది నాయనా," అంది అత్తగారు.

ఆయన తల దించుకున్నారు. తర్వాత ల్యాబత్త వైపు తిరిగి, "తప్పు చేశానమ్మా. క్షమిస్తావా?" అన్నారు. ఆమె ఆయన్ని చూసింది. సొరుగు దగ్గర చూసినప్పటికంటే చిక్కిపోయారు. జాలేసింది. జాలి వేరు, ఆయన అడిగింది వేరు.

"లేదు మాస్టారూ," అంది. "అబద్ధం చెప్పమంటే చెప్తాను. నిజమైతే లేదు."

ఆయన తలాడించి, పొట్లం తీసుకుని వెళ్ళిపోయారు. చాలాసేపటి దాకా మిషను తిరగలేదు.

ఫలితాలొచ్చాయి. రసాయనంలోనూ జీవశాస్త్రంలోనూ ఎనభైలు దాటాయి. భౌతికం అరవై ఒకటి. ప్రయోగాలకు నూటికి తొంభై ఏడు. అత్తగారు వీధిలో కనబడ్డవాళ్ళందరితో, "మాకు తొంభై ఏడొచ్చాయి," అని చెప్పింది. మాస్టారు అన్నట్టే ఆమెకు కొత్త ఉద్యోగం కాగితం వచ్చింది. ఊరికి అవతలి కొసన, రెండు బస్సులు మారి వెళ్ళాల్సిన బడి. పాత బడిలో ఆఖరి రోజున పిల్లలు గేటు దాకా వచ్చారు. మాస్టారు పైగది కిటికీలో నిలబడి ఉన్నారు. ఆమె తలెత్తి చూసింది గానీ చెయ్యి ఊపలేదు.

కొత్త బడి సైన్సు టీచరు పాతికేళ్ళ అమ్మాయి. మొదటి వారంలోనే ఒక తరగతిలో ప్రయోగం కుదరక, ద్రావణం ఎంతకీ రంగు మారక, ఆ అమ్మాయి ముఖం ఎర్రబడింది. ల్యాబత్త దగ్గరికెళ్ళి, కుప్పె ఎత్తి చూసి, "సూచిక వెయ్యలేదమ్మా. అది లేకపోతే ఆమ్లం ఎప్పుడు అయిపోయిందో మన కంటికి తెలీదు," అని నెమ్మదిగా చెప్పింది. ఆ వెంటనే పిల్లలకు అర్థమయ్యేలా నాలుగు మాటల్లో కారణం చెప్పింది. చెబుతుండగా తనకే వినబడింది. ఆ విరుపు, ఆ ఆగడం, ఆఖర్న "చూశారూ?" అనడం, ఏదీ తనది కాదు. అచ్చం మాస్టారే.

క్లాసయ్యాక ఆ అమ్మాయి ఉత్సాహంగా వెంటబడింది. "ఎంత బాగా చెప్పారండీ! ఎవరి దగ్గర చదువుకున్నారు మీరు?"

ల్యాబత్త కుప్పె కడుగుతోంది.

"ఎవరి దగ్గరా లేదమ్మా. ప్రైవేటుగా కట్టాను. నా అంతట నేనే చదువుకున్నా."

ఆ అమ్మాయి ఆశ్చర్యపోయి, మెచ్చుకుని, బెల్లు కొట్టగానే వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళు దాటిన ఆడమనిషి, తన కోసం ఎన్నడూ అబద్ధం చెప్పి ఎరగనిది, ఇంత సులువుగా ఎలా చెప్పగలిగానా అని కొళాయి దగ్గర అలాగే నిలబడిపోయింది. వెనక్కి పిలిచి ఉన్న మాట చెబుదామా అనుకుంది. కారిడార్లో ఆ అమ్మాయి చెప్పుల చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంది. ల్యాబత్త పిలవలేదు. తర్వాతి తరగతికి పదిహేను కటకాలు కావాలి. చెయ్యి తుడుచుకుని బీరువా తాళం తీసింది.